వేలి కింద అరిగిన తీగ

బడిపిల్లల వ్యాను నడిపే ఆ మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది గాని, లైసెన్సు కార్డు మీద తప్ప అది ఇంకెక్కడా కనబడేది కాదు. పిల్లలు టింగుమామయ్య అన్నారు. పిల్లల నోట విని పెద్దవాళ్లూ అదే అన్నారు. ఆఖరికి ఆయన భార్య కూడా పక్కింటివాళ్లతో మాట్లాడేటప్పుడు మా టింగుమామయ్య ఇంకా రాలేదని చెప్పి నవ్వేది.

ఆ పేరుకి కారణం ఒక యుకులేలే. కూతురు చిన్నప్పుడు గిటారు కావాలని మంకుపట్టు పడితే, ఆయన వాయిద్యాల షాపుకి వెళ్లి, పిల్లల సైజు గిటారు కాబోలనుకుని దాన్ని చంకన పెట్టుకొచ్చాడు. తీగలు నాలుగే ఉన్నాయని చూసి కూతురు మూతి ముడుచుకుంది. ఇది గిటారు కాదు, గిటారు కన్న పిల్ల అని మూలన పడేసింది. వస్తువు ఊరికే పాడవుతోందే అన్న బాధతో తండ్రే దాన్ని తీసి టింగుటింగుమనిపించడం మొదలుపెట్టాడు. కూతురు పెద్దదై మందుల షాపులో ఉద్యోగంలో చేరింది. ఆయన మాత్రం ఆ గిటారు పిల్లని వదల్లేదు.

వాయించడానికి ఆయనకి దొరికిన చోటు రైలు గేటు. మధ్యాహ్నం బడి వదిలాక వ్యాను వెళ్లే దారిలో రోడ్డు ఒక పల్లంలోకి దిగి, అక్కడ రైలు పట్టాలు దాటి, మళ్లీ పైకెక్కుతుంది. సరిగ్గా ఆ వేళకే గూడ్సు బండి వచ్చేది. గేటు పడేది. ఎండలో వ్యాను పొయ్యి మీది గిన్నెలా వేడెక్కేది. పిల్లలు ఒకళ్ల జుట్టు ఒకళ్లు పీక్కునే వేళకి టింగుమామయ్య ఇంజను ఆపి, హ్యాండు బ్రేకు లాగి, సీటు వెనక నుంచి యుకులేలే తీసేవాడు. వెనక సీట్లో ఉండే ఆయా చప్పట్లు మొదలుపెట్టేది. ఆవిడ పెద్ద వయసు మనిషి, పిల్లల్ని ఎక్కించి దించడం ఆవిడ పని. గూడ్సు బండి ఎంత పొడుగుంటే అంత పాట. గేటు లేచాక పిల్లలే అయ్యో అప్పుడేనా అనేవాళ్లు.

ఏళ్ల తరబడి ఇలాగే నడిచింది. తీగలు మార్చడం అంటే వేసవి సెలవుల్లో ఒకసారి, అంతే. ఆ ఏడు మాత్రం సెలవులైపోయి బడి తెరిచిన కొద్ది వారాలకే లావు తీగ గరగరమంది.

ఆ వాయిద్యానికి ఉన్న నాలుగు తీగల్లో రెండు ఉత్త నైలానువి. లావు స్వరాలు పలికే మిగతా రెండింటికీ లోపల మెత్తటి పోగు ఉంటుంది, దాని చుట్టూ వెంట్రుకంత లోహపు తీగ ఒత్తుగా చుట్టి ఉంటుంది. చుట్టుతీగలంటారు వాటిని. వేలు వాటిని కింద ఉన్న మెట్ల మీదికి నొక్కితే స్వరం మారుతుంది. టింగుమామయ్య చూసేసరికి మెట్టు తగిలే చోటల్లా ఆ చుట్టు నలిగి చదునైపోయి ఉంది. ఒకచోట తెగి, పైకి లేచి, చేప ముల్లులా నిలబడింది.

ఆయన షాపుకి వెళ్లి కొత్త తీగలు వేయించుకున్నాడు. అవీ అంతే అయ్యాయి. మళ్లీ వేయించాడు. ఈసారి మరీ త్వరగా పోయాయి.

వాయిద్యాల షాపు నడిపే ఆవిడ మాట తక్కువ మనిషి. ఆయన మూడోసారి వచ్చి, అమ్మేదంతా నకిలీ సరుకేనని గొంతు పెంచితే ఆవిడ వాయిద్యం ఇమ్మని చెయ్యి చాచింది. మెట్ల అంచులు పదునెక్కాయేమోనని వేలితో తడిమి, ఆకురాయితో నున్నగా చేసి ఇచ్చింది. చెమట పట్టి చుట్టు తుప్పెక్కుతోందేమో, వాయించాక గుడ్డతో తుడవమంది. ఆయన బుద్ధిగా తుడిచాడు. తీగలు మెరుస్తూనే అరిగిపోయాయి.

ఆ రోజుల్లోనే వ్యానులో ఒక సంగతి జరిగింది. గేటు పడి ఉంది, పాట నడుస్తోంది. ముందు సీట్లో కూర్చునే చిన్నపిల్ల ఒకతె చప్పట్లు ఆపి, ఆయన చేతి వంక చూస్తూ ఉండిపోయింది.

"మామయ్యా, నీ వేలు కారుతోంది" అంది.

ఆయన చూసుకున్నాడు. పైకి లేచిన చుట్టుతీగ కొన వేలి చివర దిగబడి ఉంది. రక్తం మెట్ల మీంచి చెక్క మీదికి జారి, అప్పటికే చొక్కా అంచుకి అంటుకుంది. ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు. పిల్ల భయపడుతుందేమోనని పెద్దగా నవ్వి, వేలు నోట్లో పెట్టుకున్నాడు. ఆయా నవ్వలేదు. తన చీర కొంగు చింపినంత పని చేసి, చేతిరుమాలుతో కట్టు కట్టింది. కడుతున్నంతసేపూ ఆయన మొహంలోకే చూసింది. ఆ మొహంలో నొప్పి జాడే లేదు.

మర్నాడు ఆయన యుకులేలేని షాపు బల్ల మీద పెట్టి, ఇక నువ్వే చెప్పు అన్నట్టు నిలబడ్డాడు. షాపావిడ తీగల్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుగులో తిప్పి తిప్పి చూసింది. తర్వాత కొత్త జత వేసి, వాయించమంది. ఇన్నేళ్లలో ఆవిడ ఆయన్ని వాయించమనడం అదే మొదలు. ఆయన సిగ్గుపడుతూనే రెండు వరసలు వాయించాడు. ఆవిడ వినడం లేదు, చూస్తోంది. ఆయన ఎడమచేతి గోళ్లు సున్నం పూసినట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఎందుకన్నా అంత గట్టిగా నొక్కుతున్నావు?" అంది.

ఎప్పుడూ నొక్కినట్టే నొక్కుతున్నానన్నాడు ఆయన. మళ్లీ తనే, ఈ మధ్య తీగ వేలికి సరిగ్గా ఆనడం లేదనీ, ఆనిందని తెలియాలంటే ఆ మాత్రం నొక్కక తప్పదనీ అన్నాడు. అన్న తర్వాతే ఆ మాట తనకి కూడా కొత్తగా వినిపించింది.

ఆవిడ ఆయన్ని కళ్లు మూసుకోమంది. ఆయన వేలిని ఒక తీగ మీద పెట్టి, ఇది చుట్టుదా, నైలానుదా అని అడిగింది. చుట్టుతీగ గరుకు, నైలాను నునుపు. చిన్నపిల్లలైనా చెప్పగలిగే తేడా. ఆయన చాలాసేపు వేలు అటూ ఇటూ రాసి, నైలాను అన్నాడు. కళ్లు తెరిచి చూస్తే వేలు లావు చుట్టుతీగ మీద ఉంది.

"తీగల్లో ఏం లేదన్నా" అంది ఆవిడ నెమ్మదిగా. "డాక్టరుకి చూపించుకో."

ఆయన మొహం మాడ్చుకుని, వాయిద్యం తీసుకుని వచ్చేశాడు. తీగలమ్ముకునే మనిషికి వైద్యం ఎందుకని దారిపొడుగునా గొణుక్కున్నాడు. ఇంట్లో ఆ మాట ఎత్తలేదు.

ఆయనకి చెప్పుకోదగ్గ జబ్బేదీ లేదని ఇంట్లో అందరి నమ్మకం. కొన్నేళ్ల కిందట డ్రైవర్లందరికీ పరీక్షలు చేయించినప్పుడు షుగరుందన్నారు. కొన్నాళ్లు మాత్రలు మింగాడు. ఒంట్లో బాగానే ఉందిగా అని తర్వాత మానేశాడు. కూతురు పోరితే మళ్లీ మొదలుపెడతాననేవాడు. అదలా గడిచిపోయింది.

ఒక సాయంత్రం ఆయన ఒక కాలికే చెప్పుతో ఇంటికొచ్చాడు. ఆయన భార్య బట్టలు ఇస్త్రీ చేసే పని చేస్తుంది. పెట్టె పక్కన పెట్టి, రెండో చెప్పు ఏ మహారాణికి బహుమానమిచ్చి వచ్చారని అడిగింది. ఆయన తన కాళ్ల వంక చూసుకుని, తనే ముందు నవ్వాడు. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. ఆయన వెనక్కి నడిచి వెళ్లి, వీధి మలుపులో పడి ఉన్న చెప్పు తెచ్చుకున్నాడు. మలుపు నుంచి ఇంటిదాకా రోడ్డంతా కంకర. ఆ సంగతి ఆవిడకి రాత్రి పక్క వేసుకునేటప్పుడు తట్టింది. ఆవిడ ఇంక నవ్వలేకపోయింది.

ఆయనకి మాత్రం ఆ పాటికే తెలుసు. ఇంకొకరికి చెప్పేంత తెలియదు గాని, తనకి తెలుసు. వ్యాను నడిపేటప్పుడు అప్పుడప్పుడు కిందికి చూసుకోవడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ల డ్రైవరు, కాలు ఎక్కడుందో కంటితో వెతుక్కుంటున్నాడు. చెప్పులు మానేసి బూట్లు వేసుకున్నాడు. అవీ లాభం లేక చెవికి పని చెప్పాడు. ఇంజను గొంతు పెరిగితే కాలు ఆక్సిలేటరు మీద ఉన్నట్టు, తగ్గితే తీసినట్టు. సంగీతం తెలిసిన చెవి కాబట్టి చాలా రోజులు మోసుకొచ్చింది. రోజూ అందర్నీ క్షేమంగా దింపాక, చూశావా, ఏం కాలేదు అని తనకి తనే చెప్పుకునేవాడు. అలా చెప్పుకోవలసి రావడమే ఆయనకి భయంగా ఉండేది.

ఆయా గమనించింది. ఒకరోజు పిల్లలందరూ దిగాక, ఒంట్లో బాగుంటోందా అని అడిగింది. నిద్ర చాలడం లేదన్నాడు. ఆవిడ అప్పటినుంచి వెనక సీటు వదిలి, డ్రైవరు పక్కనే నిలబడి ప్రయాణం చేసేది.

అది జరిగిన రోజు వాన వెలిసి ఎండ కాస్తోంది. బడి వదిలారు. పిల్లలు తడి బూట్లతో ఎక్కి, వ్యానంతా బురద చేశారు. ఎవరో కొత్త పాట వాయించమన్నారు. గేటు దగ్గర వాయిస్తానని మాటిచ్చాడు. రోడ్డు పల్లంలోకి దిగుతుండగా దూరాన గేటు కిందికి వాలడం కనబడింది. గంట మోగుతోంది. ముందు వేరే బండ్లేవీ లేవు. రోజూ ఆపే చోటే ఆపుదామని ఆయన బ్రేకు నొక్కాడు.

వ్యాను ఆగలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. ఇంజను ఒక్కసారిగా గొంతెత్తి అరిచింది.

ఆ గొంతు విన్న క్షణంలోనే కాలు ఎక్కడుందో ఆయనకి తెలిసిపోయింది. తెలిసింది గాని కాలిని కదిలించాలంటే అది దొరకాలి కదా. మోకాలు పైకి లాగాడు. పాదం వచ్చిందో లేదో తెలియలేదు. కిందికి చూడబోతే రోడ్డు కనబడదు, రోడ్డు చూస్తే కాలు కనబడదు. గేటు కడ్డీ మీది ఎర్ర చారలు పెద్దవవుతున్నాయి. ఆయా ఆయన భుజం పట్టుకుంది. ఆయన ఒంటి బరువంతా వేసి హ్యాండు బ్రేకు లాగాడు.

చక్రాలు తడి రోడ్డు మీద కీచుమంటూ జారాయి. వ్యాను మూతి గేటు కడ్డీకి తగిలి, దాన్ని విల్లులా వంచి, అక్కడ ఆగింది. పిల్లలందరూ సీట్లలోంచి జారి ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. ఆ మరుక్షణమే గూడ్సు బండి వచ్చింది. వ్యాను అద్దం నిండా అదే, ఇంకేమీ కనబడలేదు. పెట్టె తర్వాత పెట్టె పోతుంటే పక్క అద్దం వణుకుతూనే ఉంది. ఎవరికీ ఏ దెబ్బా తగల్లేదు. పిల్లలు పకపకా నవ్వుతున్నారు.

"మళ్లీ చెయ్యి మామయ్యా" అన్నాడు వెనకనుంచి ఒకడు.

బండి పోయాక గేటుమనిషి కేకలు వేసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. కిటికీలోంచి లోపలికి చూసి, అంతమంది పిల్లల మొహాలు కనబడేసరికి వెనక్కి తగ్గాడు. వంగిన కడ్డీని తనే మొయ్యాలన్నట్టుగా రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయాడు.

టింగుమామయ్య ఇంజను ఆపాడు. తాళంచెవి తీసి ఆయా చేతిలో పెట్టి, ఆవిడ గుప్పిట మూశాడు.

"ఇది నీ దగ్గరే ఉంచు వదినా. నేనడిగినా ఇవ్వకు."

తర్వాత వ్యాను యజమానికి ఫోను చేసి, ఇంకో డ్రైవర్ని పంపమన్నాడు. ఆ మనిషి వచ్చేదాకా పిల్లల్ని దింపి, రోడ్డు పక్క గోడ నీడలో కూర్చోబెట్టారు. పాట పాటని వాళ్లు గోల చేశారు. ఆయన సీటు వెనక నుంచి యుకులేలే తియ్యలేదు. ఒడిలో పెట్టుకున్న చేతుల వంక చూసుకుంటూ రోడ్డు అంచున కూర్చున్నాడు. చివరికి ఆయాయే వట్టి చప్పట్లతో పాడించింది.

యజమాని స్వయంగా వచ్చాడు. చెడ్డవాడు కాదు, కంగారు మనిషి. వ్యాను చుట్టూ తిరిగి, నలిగిన మూతి చూసి, టింగుమామయ్యని పక్కకి పిలిచి, తడి రోడ్డు కదా, బ్రేకు పట్టలేదని చెబుదామన్నాడు. అలా చెబితే ఎవరికీ మాట రాదు, ఈయన ఉద్యోగం ఈయనకి ఉంటుంది. టింగుమామయ్య కూడా చేతిదాకా వచ్చిన ఆ మాటని ఒక్క నిమిషం పట్టుకుని చూశాడు. ఎంతో సుఖంగా ఉంది ఆ మాట. గేటుమనిషి నమ్ముతాడు, తల్లిదండ్రులు నమ్ముతారు, ఇంట్లో భార్యా నమ్ముతుంది.

"బ్రేకని చెబితే బ్రేకు బాగు చేయించి రేపు మళ్లీ నాకే ఇస్తావు బాబూ" అన్నాడు. "బ్రేకు బాగానే ఉంది. కాలే నా మాట వినడం లేదు."

ఆ సాయంత్రమే కూతురు ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు వయసులో ఉన్న అమ్మాయి, నిదానస్తురాలు. అన్నీ అడిగి రాసుకుని, ఒక శృతిదండం తీసింది. రెండు కొమ్ములున్న ఆ ఇనుప కడ్డీని బల్లకి కొడితే సన్నగా స్వరం పలికింది. దాని కాడని ఆయన కాలి బొటనవేలి ఎముక మీద ఆనించి, వణుకు తెలుస్తోందా అని అడిగింది.

"వినిపిస్తోందమ్మా" అన్నాడు ఆయన.

వినిపించడం కాదు, కాలికి తెలుస్తోందా అందామె. ఆయన చెవి ఆ స్వరాన్ని పట్టుకునే ఉంది, అది ఏ తీగ పలికే స్వరమో కూడా చెప్పగలడు. కాలు మాత్రం ఎవరిదో అన్నట్టు ఉంది. ఆమె చీలమండ మీద పెట్టింది. తెలియలేదు. మోకాలి కింద పెట్టింది. అక్కడ ఎక్కడో లోలోపల గోడవతల ఎవరో తలుపు కొట్టినట్టు తెలిసింది.

షుగరుతో నరాలు దెబ్బతినే ఈ జబ్బు పాదాల్లో మొదలై పైకి పాకుతుందని డాక్టరమ్మ చెప్పింది. చేతి వేళ్ల దాకా వచ్చిందంటే పాదాలు మొద్దుబారి చాలా కాలమై ఉండాలి. ఇన్నాళ్లూ మీరు ఏ పని చేస్తున్నారని అడిగింది. బడిపిల్లల వ్యాను నడుపుతున్నానని ఆయన చెప్పాడు. ఆమె చేతిలో కలం ఆగింది. కూతురు తండ్రి వంక చూడలేక గోడ వంక చూసింది.

పోయిన స్పర్శ చాలావరకు తిరిగి రాదనీ, షుగరుని అదుపులో పెడితే జబ్బు ఉన్నచోట ఆగవచ్చనీ ఆమె అంది. ఆగవచ్చు అనే అంది, ఆగుతుందని అనలేదు. ఆ తేడాని ఇంటిల్లిపాదీ రోజుల తరబడి నమిలారు.

కొత్త డ్రైవరుకి దారి చూపించడానికి ఆయన కొన్ని రోజులు పక్క సీట్లో కూర్చుని వెళ్లాడు. ఎవరిని నిద్రలేపి దించాలి, ఎవరి సంచి ఎవరు ఎత్తుకుపోతారు, ఏ మలుపులో ఎదురు బండి కనబడదు, అన్నీ చెప్పాడు. గేటు దగ్గర ఆగినప్పుడు పిల్లలు ఆయన వంక చూసేవాళ్లు. ఆయన వాయించేవాడు కూడా. కాని చూసుకుంటూ వాయించేవాడు. కళ్లు తిప్పితే వేలు తప్పు మెట్టు మీద పడేది, పిల్లలు అది హాస్యమనుకుని నవ్వేవాళ్లు. తర్వాత యజమాని ఆయనకి బడి గేటు దగ్గర పిల్లల్ని ఏ వ్యానువాళ్లని ఆ వ్యానులోకి పంపే పని ఇప్పించాడు.

షాపావిడ చుట్టుతీగలు తీసేసి నాలుగూ నైలానువే వేసింది. వాటికి చుట్టు ఉండదు, ఊడి గుచ్చుకునేదేం ఉండదు. చప్పుడు పలచబడింది. తీగకి ఆనించి, స్వరం శుభ్రంగా వచ్చేంత మట్టుకే నొక్కి, అక్కడ ఆపెయ్యమని ఆవిడ నేర్పబోయింది. ఎక్కడ ఆపాలో చెవి చెబుతుందిలే అంది. ఆయన తలూపాడు. చెవి అప్పటికే ఒకసారి ఆలస్యంగా చెప్పిందని ఆవిడకి తెలియదు.

ఇంట్లో ఇప్పుడు ఒక కొత్త పని పడింది. రోజూ సాయంత్రం ఆయన భార్య ఇస్త్రీ పని ముగించి, చేతులు చల్లబడ్డాక, ఆయన పాదాల్ని ఒళ్లో పెట్టుకుని చూస్తుంది. వేళ్ల సందులు, మడమలు, గోళ్ల పక్కలు. తెలియకుండా దెబ్బ తగిలి పుండైతే కాలికే ముప్పని డాక్టరమ్మ చెప్పింది. చూడ్డమయ్యాక ఆయన్ని కళ్లు మూసుకోమని, దూది పింజెతో ఒక్కో వేలినీ తాకి, తెలిసిందా అని అడుగుతుంది. మొదట్లో ఆయన నిజమే చెప్పేవాడు. తెలియలేదు, తెలియలేదు అంటూ పోయేవాడు. ఆవిడ మొహం ఎలా ఉంటుందో కళ్లు మూసుకున్నా ఆయనకి కనబడేది.

ఈ మధ్య కొన్నిటికి తెలిసిందంటున్నాడు. మందు పనిచేస్తోందని ఆవిడ పక్కింట్లో చెప్పుకుంది కూడా.

నిన్న సాయంత్రం ఆవిడ ఒక పాదం అయ్యాక రెండోది ఒళ్లోకి తీసుకుంది. చేతిలో దూది లేదు. అది కింద పడితే వంగి వెతుక్కుంటోంది.

"తెలిసిందే, చిటికెన వేలు కదూ" అన్నాడు ఆయన, కళ్లు గట్టిగా మూసుకుని.

ఆవిడ దూది అందుకుని, దానికంటిన దుమ్ము నెమ్మదిగా దులిపింది. ఔనంది. తర్వాత పక్క వేలు తాకింది.